తాళంలో గడ్డకట్టిన కొబ్బరినూనె

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, ఒక డిసెంబరు ఉదయం మా చెల్లిని ఇంట్లో పెట్టి తాళం వేశాను. చిక్కపేటలో ఒక హార్డ్‌వేర్ అంగడిపైన మాది ఒంటిగది. అమ్మానాన్నలు పనికి వెళ్ళిపోయారు. రెండేళ్ళ చెల్లి నిద్రపోతోంది. లేచి మెట్లమీద పడుతుందేమోనని బయట గొళ్ళానికి తాళం నొక్కి పాలకు పరుగెత్తాను.

తిరిగొస్తే తాళంచెవి తిరగలేదు. లోపల చెల్లి ఏడుస్తోంది. చెవిని మూడుసార్లు తిప్పబోయాను, తీసి ఊదాను, మళ్ళీ పెట్టాను, తలుపు గుద్దాను. ఏడుపు ఉన్నట్టుండి ఆగింది. అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. మెట్లు దూకుతూ దిగి, కింద అంగడి తాతయ్యను సుత్తి అడిగాను.

ఆయన సుత్తి ఇవ్వలేదు. తానే పైకొచ్చి తాళాన్ని వాసన చూశాడు.

"ఏం పోసినావప్పా దీంట్లో?"

"కొబ్బరినూనె, తాతా. నిన్న కిర్రుమంటా ఉండె."

"బీగానికి తలంటినావా! జడ గూడా ఎయ్యకపోయినావా? చలికి లోపల గడ్డకట్టుకోనుండాది. దీనికి సుత్తి ఏలప్పా? రోంత వేడి చాలు."

ఎదురు హోటల్ నుంచి వేడినీళ్ళు తెప్పించి, గుడ్డ ముంచి పిండి తాళానికి చుట్టాడు. నేను ఆగలేక తాళంచెవి తిప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. తలుపుకు నోరు ఆనించి, "పాపా, మీ అన్న ఈడే ఉండాడు" అంటూనే ఉన్నాడు. లోపలి నుంచి చిన్న ఎక్కిళ్ళు వినిపించాయి. రెండోసారి గుడ్డ మార్చాక తాళం టక్కున తెరుచుకుంది. చెల్లి వచ్చి నా కాళ్ళకు చుట్టుకుంది.

ఆ తర్వాత ఆయన తాళాన్ని కిరసనాయిలుతో కడిగి, పెన్సిల్ ముల్లు పొడి తాళంచెవికి రుద్ది ఇచ్చాడు. ఆ పొడి ఎండకు కరగలేదు, చలికి గడ్డకట్టలేదు.

కారణం కాలేజీలో తెలిసింది. నూనె అణువు లోపల పరమాణువులను కట్టి ఉంచే సమయోజనీయ బంధాలు చాలా గట్టివి. నూనె కరిగినా అవి తెగవు. ఒక అణువుకూ ఇంకో అణువుకూ మధ్య ఉండే పట్టు మాత్రం బలహీనం, కాస్త వేడికే సడలుతుంది. పెన్సిల్‌లోని గ్రాఫైట్‌లో ప్రతి పొరా లోపల గట్టిగా అల్లుకుని ఉంటుంది, కానీ పొర మీద పొర సులువుగా జారుతుంది.

ఇప్పుడు అదే నగరంలో, బెళ్ళందూరులో ఉద్యోగం. యంత్రమైనా మనిషైనా బిగుసుకుపోతే, తెగకూడనిది ఏది, సడలితే సరిపోయేది ఏది అని ముందు విడదీసి చూస్తాను. అది సడలేదాకా ఆగడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాదు. తొందరపడిన ప్రతిసారీ ఆ తాతయ్యే నా చెయ్యి పట్టుకుని ఆపుతున్నట్టు ఉంటుంది.