విరమణ కిటికీ దగ్గర బ్రేకు మేడం

డ్రైవింగు స్కూల్లో ఆవిడను అందరూ బ్రేకు మేడం అంటారు. నేర్పేవాళ్ల సీటు ముందు ఆవిడకంటూ ఒక విడి బ్రేకు ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఆవిడ కుడికాలు దాని మీదే కాపురం ఉంటోంది. స్కూటరు మీద వెనక కూర్చున్నా సరే, ఎదురుగా ఏ కుక్కో అడ్డం వస్తే ఆ కాలు తనంతట తానే కిందికి తొక్కుతుంది. బండి నడిపే భర్త మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కు, నిదానస్తుడు. "ఆగానులే" అంటాడు వెనక్కి తిరక్కుండానే.

అలాంటి మనిషికి పోలీసు శాఖలో డ్రైవరు ఉద్యోగం వచ్చింది. ఏదో ఊపులో దరఖాస్తు పెట్టింది, రాతపరీక్ష, పరుగు, ఇంటర్వ్యూ ఒక్కొక్కటే గట్టెక్కింది. సోమవారం వచ్చి శిక్షణలో చేరమని ఉత్తరం వచ్చింది. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే ఎదురింటావిడ తన గేటుకు అడ్డంగా బండ్లు పెట్టేవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి తెచ్చి చేతిలో పెట్టింది.

చిక్కల్లా ఏమిటంటే, ఆవిడకు చేరాలని లేదు. ఎందుకు లేదో ఆవిడకే సరిగ్గా అంతుపట్టలేదు. ఇంటర్వ్యూలో ఒక అధికారి, "మిమ్మల్ని చూసి వణికిపోయేవాడు ఎదురైతే ఏం చేస్తారు?" అని అడిగాడు. ఆవిడ తడుముకోకుండా, "ముందు న్యూట్రల్లో పెట్టమంటానండీ, తర్వాత మంచినీళ్లు తాగమంటాను" అంది. బల్లకు అటు కూర్చున్న నలుగురూ హాయిగా నవ్వుకుని మార్కులు దండిగా వేశారు. తిరుగు బస్సులో ఉండగా ఆవిడకు తట్టింది. ఆయన అడిగింది తనకు భయపడేవాళ్ల గురించి, తను చెప్పింది రోడ్డుకు భయపడేవాళ్ల గురించి. ఈ రెండో రకంవాళ్లతో ఎనిమిదేళ్లు సుఖంగా గడిచిపోయాయి. మొదటి రకంవాళ్లతో ఏం మాట్లాడాలో ఆలోచిస్తుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

భర్తను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. అది ఒప్పుకోలో, అలకో, నిద్రమత్తో తేల్చుకోలేక ఆవిడ రెండు రోజులు సతమతమైంది.

ఉత్తరం చివర సన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. చేరదలచుకోనివారు శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. తెలపకుండా మానేసినవారు ఇక ఎప్పటికీ దరఖాస్తు చేసుకోవడానికి వీల్లేదు. ఆవిడకు ఇప్పుడు వద్దు గానీ, ఎప్పటికీ వద్దని చెప్పే ధైర్యం మాత్రం లేదు. తలుపు దగ్గరగా వేయాలి, గడియ మాత్రం పడకూడదు. అలాంటి ఉత్తరం రాయడం మాటలా?

భర్త అక్కగారు ఉన్నత పాఠశాలలో టీచరు. ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"ఏం రాశావు?" అంది వదిన, కళ్లజోడు సర్దుకుని.

"'ఉద్యోగం మానుకుంటున్నాను' అని రాశాను వదినా."

"కాఫీ మానుకున్నట్టుంది. పెద్ద ఆఫీసుకు రాసేటప్పుడు కాస్త హుందాగా ఉండాలమ్మాయ్. 'విరమించుకుంటున్నాను' అని రాయి. పైన 'విషయం' అని పెట్టి కింద గీత గియ్యి."

అలా తయారైంది ఆ కాగితం. పైన 'విషయం: పోలీసు ఉద్యోగ విరమణ గురించి' అని, కింద రెండు గీతలు. ఒక గీత వదిన కొసరు.

శుక్రవారం రెండు గంటలకు ఆవిడ పోలీసు కార్యాలయానికి వెళ్లింది. గుమ్మం దగ్గరి కానిస్టేబులు పైవరస చదివి, ఆవిడను ఎగాదిగా చూసి, "విరమణ పై అంతస్తు" అన్నాడు. పైన కిటికీ వెనక బట్టతల గుమాస్తా ఒకాయన ఫారాల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు.

"సర్వీసు ఎన్నేళ్లమ్మా?"

"ఎనిమిదేళ్లండీ."

"ఎనిమిదేళ్లకే విరమణా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ."

"సరే, మీ ఇష్టం. బెల్టు అప్పగించారా?"

"బెల్టు కారులోనే ఉందండీ."

"బెల్టు కారులో వదిలేసి వచ్చారా?"

"అది కారుకే ఉంటుందండీ. తియ్యడానికి రాదు."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "ఏ స్టేషనమ్మా మీది?"

"స్టేషను దగ్గర కాదండీ, కూరగాయల మార్కెట్టు వెనక."

ఆయన కాసేపు ఆవిడనూ, కాసేపు కాగితాన్నీ చూశాడు. ఆవిడకూ ఏదో తేడా కొడుతోందని అప్పుడు అర్థమైంది. "నేనింకా పోలీసులో చేరలేదండీ" అంది.

"చేరకుండా విరమణ ఎలా ఇస్తామమ్మా? ముందు చేరండి. చేరాక అప్పుడు చూద్దాం."

"చేరకుండా ఉండడానికేనండీ వచ్చాను."

"అదే నేను చెప్పేది. చేరితేనే గదా మానడానికి కుదిరేది."

ఒక్క క్షణం ఆవిడకు అదీ నిజమేననిపించింది. సోమవారం చేరి, మంగళవారం మళ్లీ ఇదే కిటికీ దగ్గరికి రావాలి కాబోలు. గోడ గడియారం రెండూ ఇరవై ఐదు చూపిస్తోంది.

"ఏదీ, ఆ కాగితం ఇటివ్వు తల్లీ" అన్నారు వెనక వరసలో ఎవరో. యూనిఫాంలో ఉన్న హెడ్డు కానిస్టేబులు, నెరిసిన మీసాలు. కాగితాన్ని చేయంత దూరం పెట్టి చదివాడు. "ఎవరు రాశారిది?"

"మా వదినండీ. టీచరు."

"అందుకనా. విరమణ అంటే మాలాంటి ముసలాళ్ల వ్యవహారం. నీది ఉపసంహరణ. పెట్టిన దరఖాస్తు వెనక్కి తీసుకోవడం. కింద, మూడో కిటికీ." జేబులోంచి ఒక తెల్లకాగితం తీసి ఇచ్చాడు. "నాకు ఇంకోటి ఉందిలే, రాసుకో."

ఆవిడ అక్కడే బల్ల మీద కూర్చుని కలం తీసింది. ఊరుకోలేక అడిగింది. "మీరు విరమణకు వచ్చారాండీ?"

"పోయిన నెల ఆ కాగితం ఇచ్చాను. ముప్పై ఏళ్లు చేశాం గదా, ముందే ఇంటికి పోదామని. ఇప్పుడు అది వెనక్కి తీసుకోవడానికి వచ్చాను."

"ఎందుకండీ?"

ఆయన మీసం దువ్వుకున్నాడు. "ఏమోనమ్మా. పొద్దున్నే లేచి ఏం చేస్తావు అని మా ఆవిడ అడిగింది. నెల తిరిగింది, ఇంకా చెప్పలేకపోతున్నాను."

"మరి కారణం ఏమని రాశారండీ?"

"వ్యక్తిగత కారణాలు."

"వెళ్లిపోవడానికా, ఉండిపోవడానికా?"

"రెండింటికీ అదే రాశాను. ఎవరూ ఏమీ అనలేదు."

ఆవిడ మొదటి వరస రాసి ఆగిపోయింది. ముప్పై ఏళ్లు చేసినాయన వదల్లేక తిరిగి వస్తున్నాడు. తనేమో ముట్టుకోకుండానే వదిలేస్తోంది. ఇద్దరిలో ఎవరో ఒకరు పొరబడుతున్నారు గదా. "చేరితే బాగుంటుందంటారా?"

"బాగుంటుంది. జనం భయపడతారు. మొదట్లో సరదాగానే ఉంటుంది."

"తర్వాతో?"

"తర్వాత మా మనవరాలు కూడా భయపడింది, ఈ బట్టలు చూసి. రెండు రోజులు దగ్గరికే రాలేదు. అలవాటు పడిందిలే."

ఆయన ఆ మాట చేరమని అన్నాడో, వద్దని అన్నాడో ఆవిడకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు. ఈలోగా గుమాస్తా ఆయన్ని పిలిచాడు. ఆవిడ తల వంచుకుని గబగబా రాసేసింది. దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, మునుముందు మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలు ఉంచగలరు. కారణం దగ్గర కలం కాసేపు గాల్లో ఆడింది. చివరికి ఆ రెండు మాటలే పడ్డాయి.

మూడో కిటికీ చేరేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. లోపలున్న అమ్మాయి కాగితం చదివి తల ఊపింది. "చక్కగా రాశారండీ. చాలామంది 'నాకొద్దు' అని రాసి పడేసి పోతారు. మళ్లీ పెట్టుకోవచ్చు, మీకేం ఇబ్బంది లేదు. కానీ ముద్ర వేస్తే ఈసారికి మీ చోటు వెయిటింగు లిస్టులో తర్వాతివాళ్లకు పోతుంది. ఖాయమేగా?"

"ఖాయమేనండీ" అంది ఆవిడ. రివర్సు వచ్చా అని అడిగితే కొత్తవాళ్లు "వచ్చండీ" అంటారే, అచ్చం ఆ గొంతుతో.

ముద్ర పడింది. ఆ అమ్మాయి అక్కడికక్కడే ఫోను తిప్పింది. కిటికీకి అద్దం ఉంది గానీ, కింద చెయ్యి పట్టేంత సందు ఉంది. అవతలి గొంతు అందులోంచి సన్నగా వినిపించింది, ఎవరో ఆడపిల్ల. "నన్నేనాండీ? నంబరు సరిగ్గా చూశారా?" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని శబ్దం. ఉద్యోగం తనకే వచ్చినంత సంబరమూ, తనదే పోయినంత బెంగా రెండూ ఒకేసారి కలిగాయి ఇవతల ఆవిడకు.

అవతలి పిల్ల కాస్త తేరుకుని అడిగింది. "ఎవరో మానుకున్నారాండీ? పాపం, ఏమైందండీ వాళ్లకి?"

కిటికీ అమ్మాయి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, అద్దంలోంచి ఆవిడ వంక చూసింది. "ఏమైందని చెప్పమంటారు?"

వెనక ఎవరో దగ్గారు.

"ఏమీ కాలేదని చెప్పండి" అంది ఆవిడ. "బాగానే ఉన్నానని చెప్పండి."

"బాగానే ఉన్నారట" అంది ఆ అమ్మాయి ఫోనులో.

వేరే మనిషి నోటి మీదుగా వినేసరికి ఆవిడకు అది సగం వరకు నిజమే అనిపించింది. మిగతా సగం కోసం ఇంకాసేపు అక్కడే నిలబడింది. "నాది కూడా ఉందమ్మా, కాస్త జరగండి" అని వెనకాయన అనేదాకా.