కత్తెర గుర్తుకు పడిన ఓట్లు

ఆ వార్డులో పార్టీలు రెండే. ఒకసారి వీళ్ళు గెలిచేవారు, ఒకసారి వాళ్ళు. వీధి మలుపులో మూతలేని మురుగుకాలువ మాత్రం ఏ ఎన్నికలోనూ ఓడిపోలేదు. పోయిన వానాకాలం దర్జీ భార్య అందులో పడి చీలమండ విరగ్గొట్టుకుంది. రెండు పార్టీలవాళ్ళూ పరామర్శకు వచ్చి, తప్పంతా ఎదుటివాళ్ళదేనని చెప్పి, టీ తాగి వెళ్ళారు. దర్జీకి ఒళ్ళు మండింది. ఆ కాలువ మీద తానే పలకలు వేయిస్తానని భార్యకు మాటిచ్చి, కత్తెర గుర్తు మీద నిలబడ్డాడు.

అన్నట్టు, ఆ రెండు పార్టీల జెండాలూ కుట్టేది ఆయనే. దారం మార్చేవాడు, మిషను ఒకటే.

మొదట అందరూ నవ్వారు. కిందటిసారి గెలుపోటముల తేడా ముప్పై ఓట్లేనని ఎవరికో గుర్తొచ్చాక నవ్వులు ఆగి, మర్యాదలు మొదలయ్యాయి. దర్జీ కొలతల పుస్తకం తిరగేశాడు. ఛాతీ, నడుముతో సహా రెండువందల పన్నెండు మంది తేలారు. తన చేత బట్టలు కుట్టించుకున్న ప్రతివాడూ తన ఓటరేనని ఆయన ధీమా. చొక్కా బిగుతైందని తిట్టిపోయినవాళ్ళను కూడా వదల్లేదు.

పదవిలో ఉన్నాయన, తనకు మద్దతిస్తే ఏదో కమిటీలో కుర్చీ ఇస్తానని కబురు పెట్టాడు. ఆయన మీద పోటీకి దిగిన కాంట్రాక్టరు రెండాకులు ఎక్కువే చదివాడు. గెలిచిన నెలలోనే పలకలు వేయిస్తానని కాగితం మీద సంతకం పెట్టిచ్చాడు. దర్జీ పొంగిపోయి, పోలింగుకు రెండు రోజుల ముందు వేదికెక్కి, తనకు వేసే ఓటు కాంట్రాక్టరుకే వెయ్యమని అందరినీ వేడుకున్నాడు. పోటీనుంచి తప్పుకునే గడువు అప్పటికే దాటిపోయింది కాబట్టి బ్యాలెట్ మీద కత్తెర అలాగే ఉండిపోయింది.

కాంట్రాక్టరు పదకొండు ఓట్లతో ఓడాడు. కత్తెరకు యాభై ఎనిమిది పడ్డాయి. గెలిచినాయన దర్జీ చెయ్యి పట్టుకుని ఊపి, ప్రతిసారీ ఇలాగే నిలబడమని దీవించాడు. కాంట్రాక్టరు దర్జీని వెన్నుపోటుదారుడని తిట్టి, కాగితం లాక్కుని చింపేశాడు. పలకల సంగతి ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

దర్జీ ఇంటికొచ్చి ఆ యాభై ఎనిమిది మందినీ శాపనార్థాలు పెట్టాడు. వద్దు మహాప్రభో అన్నా వేసి కొంప ముంచారని వాపోయాడు. గోడ పట్టుకుని నడుస్తూ వచ్చిన భార్య అంతా విన్నది.

"అందులో ఒకటి నాదేనండీ," అంది.

"నీకేమైనా మతి పోయిందా? నేను చెప్పింది వినలేదా?"

"విన్నాను. పలకలు వేయిస్తానని నా కాలికట్టు చూసి మాటిచ్చింది మీరు, ఆ కాంట్రాక్టరు కాదు. మిగతావాళ్ళూ రోజూ ఆ కాలువ దాటేవాళ్ళే. మిమ్మల్ని నమ్మాం."

దర్జీకి తన ఓటు మాత్రం కాంట్రాక్టరుకు వేసి వచ్చానని ఆమెతో చెప్పడానికి సిగ్గేసింది.