టైటస్ చదివిన కాగితం

క్రిస్మస్ నాడు చర్చిలో ఇంగ్లీషు బైబిలు వాక్యం చదివేది టైటసే. మిషన్ హాస్టల్లో వార్డెను బెత్తం పట్టుకుని నేర్పిన చదువది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో అన్నీ వచ్చు. అర్థం ఒక్కటే రాదు. ఆ సంగతి అతనికీ, భార్య ఎలిశబెతుకీ తప్ప నరమానవుడికి తెలియదు. అడిగినవాళ్లుంటే గదా తెలిసేది! ఊళ్లో ఎవరికి ఇంగ్లీషు కాగితమొచ్చినా టైటసన్న దగ్గరికే. గడగడా చదివి, తెలిసిన రెండు మాటలు పట్టుకుని, మిగతాది ఊహించి చెప్పేవాడు. ఇరవై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాడు. మర్యాదకి అలవాటు పడ్డ మనిషి దాన్ని అంత తేలిగ్గా వదులుకోడు.

అతని పని కృష్ణపట్నం రేవు దగ్గర ఒక బొగ్గు యార్డులో. పోయిన ఏడాది అక్కడ ఓడ సరుకు మోసే బెల్టు కింద బొగ్గు ఇరుక్కుంది. ఓడ ఆగిపోతుంది, బెల్టు ఆపొద్దు, అలాగే తియ్యమని సూపర్‌వైజరు అరిచాడు. టైటస్ గ్యాంగులోని మాలకొండయ్య చెయ్యి పెట్టాడు. కుడిచేతి వేళ్లు నాలుగు పోయాయి. టైటస్ పదడుగుల దూరంలో నిలబడి అంతా చూశాడు.

మర్నాడు కాంట్రాక్టరు మనుషులు ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం తెచ్చి, చూసినవాళ్లంతా సంతకాలు పెట్టమన్నారు. ఆ గ్యాంగుకి ఒక అలవాటుంది. కాగితం ఏదైనా టైటస్ పైకి చదవాలి, మొదటి సంతకం అతనే పెట్టాలి, ఆ వెనక వరసగా మిగతావాళ్లు. టైటస్ చదివాడు. ‘యాక్సిడెంట్’ తగిలింది, ‘హాస్పిటల్’ తగిలింది. "ఏం లేదబ్బా, జరిగింది జరిగినట్టే రాసినారు" అన్నాడు. పదకొండు సంతకాలు పడ్డాయి; నకలొకటి టైటస్ చేతికిచ్చి పోయారు. మాలకొండయ్యకి రావలసిన పరిహారం మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ అంతుబట్టలేదు.

ఈ ఏడాది షిఫ్టు ఇన్‌చార్జి పని టైటస్‌కి ఇస్తామన్నారు, రోజూ ఇంగ్లీషులో రిపోర్టు రాయాలన్నారు. ఇంక దాక్కోవడానికి దారి లేదు. ఎలిశబెతు అతన్ని తరిమి తరిమి ఆనందకుమారి టీచరు ట్యూషన్‌కి పంపింది. నలభై నాలుగేళ్ల మనిషి పదో తరగతి పిల్లల వెనక చాప మీద సిగ్గుతో చచ్చిపోతూ కూర్చున్నాడు.

ఆవేళ పాఠం నౌన్ క్లాజు. "దట్ కనిపిస్తే ఆగండి" అంది టీచరు. "వెనకున్న మాటలన్నీ ఒక మూట కట్టి, చివర ‘అని’ పెట్టండి. ఐ నో దట్ హి కేమ్. నాకు తెలుసు. ఏమని తెలుసు? అతను వచ్చాడని. ఒక పేరు కూర్చోవాల్సిన చోట వాక్యమే వచ్చి కూర్చుంది, అంతే."

"మరి వాట్ వస్తే ప్రశ్నే గదా మేడం?" అన్నాడు టైటస్.

"అన్నిసార్లూ కాదు టైటస్ గారూ. వాట్ ఐ సా అంటే నేను చూసింది. అదీ మూటే." ఇంట్లో ఏ ఇంగ్లీషు కాగితముంటే దాంట్లో మూటలు గుర్తుపట్టి తెమ్మంది.

ఆదివారం ఆరాధనయ్యాక బీరువా వెతికితే అతనికి ఆ సంతకాల కాగితం నకలే దొరికింది. పెన్సిలుతో గీతలు గీసి, తెలియని మాటలకి డిక్షనరీ వెతికాడు. మేము ధ్రువపరుస్తున్నాము. ఏమని? బెల్టు ఆపి తియ్యమన్నా మాలకొండయ్య వినలేదని. ఇంకేమని? తప్పంతా అతనిదేనని. మేము చూసింది ఇదేనని. కింద మొదటి సంతకం అందంగా, వంకర లేకుండా ఉంది. టైటస్ కాగితం తీసుకెళ్లి ఎలిశబెతుకి అంతా విప్పి చెప్పాడు.

"తెలీక పెట్టినావు" అంది ఎలిశబెతు. "ఇప్పుడు బయటపెడితే ఊరు నవ్వుతుంది, ఉన్న పని కూడా పోతుంది."

"తెలీదని ఆ రోజు చెప్పుండొచ్చు గదా. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలా."

శుక్రవారం నెల్లూరు లేబరాఫీసులో మాలకొండయ్య పరిహారం అర్జీ మీద విచారణ. ఈ కాగితం అలాగే నిలబడితే అతని పని అయిపోయినట్టే. మంగళవారం దాకా టైటస్‌కి ముద్ద దిగలేదు. ఆ సాయంత్రం మాలకొండయ్య ఇంటికెళ్లి, గుమ్మంలోనే నిలబడి ఉన్నదంతా చెప్పేశాడు. మాలకొండయ్య ఎడంచేత్తో చొక్కా గుండీ పెట్టుకుంటూ ఉన్నాడు. కూర్చోమనలేదు.

"నాకాడికొచ్చి ఏడిస్తే ఏముందన్నా. నువ్వు చదివినావనే వాళ్లు పెట్టినారు. పోయి వాళ్లకి చెప్పు."

బుధవారం పొద్దున కంపెనీ బస్సులో టైటస్ సీటు పట్టుకుని లేచి నిలబడ్డాడు. తనకి ఇంగ్లీషు రాదని, ఎన్నడూ రాలేదని చెప్పాడు. ఆ కాగితంలో ఏముందో చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. విచారణలో ఇచ్చేందుకు జరిగింది తెలుగులో రాసిన కాగితం బయటికి తీసి, అప్పుడు తన వెనకే సంతకం పెట్టిన మధుబాబు పక్కనుంటే అతని చేతికిచ్చాడు. మధుబాబు జేబులోంచి పెన్ను తీశాడు.

"నువ్వు చదివినావు గదన్నా. యాడ పెట్టాల?"

టైటస్‌కి ఒళ్లు మండిపోయింది. పెన్ను లాక్కున్నాడు. "చదివితేనే పెన్ను ఇస్తా. తెలుగే గదా, చదువు."

మధుబాబు కాగితం కేసి చాలాసేపు చూశాడు. "నాకు తెలుగూ రాదన్నా" అన్నాడు, పక్కవాళ్లకి వినపడకుండా.

టైటస్ అతని పక్కన కూర్చున్నాడు. ఒక్క వాక్యం నెమ్మదిగా చదివి, వేలు అక్కడే ఆనించి ఆగాడు. "ఏమర్థమయింది? నువ్వు చెప్పు."

"బెల్టు ఆపొద్దని సూపర్‌వైజరే అరిచినాడని" అన్నాడు మధుబాబు. పెన్ను కోసం చెయ్యి చాపుతూ, "నేనూ విన్నానన్నా" అన్నాడు.