ఆందోళనలో ఉన్నవాళ్లంతా రండి

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, మనుషుల మనసు గురించి నాకు తెలియనిదంటూ ఏదీ లేదని గట్టి నమ్మకం ఉండేది. పరిశోధనలో చేరి ఏడాది కూడా కాలేదు గనుక ఆ నమ్మకం సహజమే. పల్లె కుటుంబాల మానసిక ఆరోగ్యం నా అంశం. ఇంగ్లిషు ప్రశ్నలన్నిటినీ నిఘంటువు ముందు పెట్టుకుని నేనే తెలుగులోకి దించాను. గుండె దడతో, నిద్రలేమితో మనిషి లోలోపల బెదిరిపోయే స్థితికి 'ఆందోళన' అని రాసి, ఎంత చక్కటి మాట దొరికిందని మురిసిపోయాను. (పుట్టి పెరిగింది చిట్యాలలోనే. అక్కడి హైవే మీద ఆందోళన అంటే ఏమిటో చిన్న పిల్లలకు కూడా తెలుసు. చదువు నెత్తికెక్కితే చెవులు పనిచేయవు మరి.)

నారాయణపేట దగ్గరి ఒక ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతుంటే, గొర్ల కాపరి భార్య ఒకామె నన్ను గోడ చాటుకు పిలిచింది. "తమ్మీ, మా పిల్లల నాయిన నిద్ర పోతలేడు. రోగమొచ్చి గొర్లు సచ్చినకాడికెల్లి గట్లనే గోడకు ఒరిగి కూసుంటుండు. మొన్న, నేను లేకున్నా మీరు బతుకుతరులే అన్నడు. నాకు బుగులైతాంది. జర దవాఖానకు తోలుకపో తమ్మీ" అంది. నాకూ భయం వేసింది. ఆయన దగ్గరికి వెళ్లి, నేర్చుకున్న సానుభూతినంతా కురిపించాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "నాకేమన్న పిచ్చి లేసిందా? ముందుగాల నువ్వు సూపించుకో" అన్నాడు. ఈ జవాబుకు ఏం చేయాలో మా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఒక్కణ్ని రమ్మంటే రాడు, ఊరందరినీ పిలిస్తే అందరితో పాటు వస్తాడేమోనని ఉపాయం తట్టింది. పంచాయతీ ఆఫీసు మైకు పట్టుకుని గంభీరంగా చెప్పాను: "ఆందోళనలో ఉన్నవాళ్లంతా బుధవారం పాలమూరు దవాఖానకు రండి. ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారో పెద్ద సారు స్వయంగా అడిగి రాసుకుంటారు."

బుధవారం ట్రాక్టర్ల మీద దిగారు. ఇస్త్రీ చొక్కాలు, మెడలో కండువాలు, చేతుల్లో తమ ఫొటోలు పడ్డ పాత పేపరు ముక్కలు. ఒకాయన లుంగీ పైకెత్తి లాఠీ దెబ్బ మచ్చ చూపించాడు. "రాస్తారోకల అందరి కన్న ముందుగాల కూసున్నది నేనే, నా పేరు మొదలు రాయుండ్రి!" ఒక అవ్వ అతణ్ని పక్కకు నెట్టి, "రోడ్డు మీద పొయ్యి పెట్టి వండింది మేము. మాయి రాయరా?" అని నిలదీసింది. ఉద్యమకారులకు సర్కారు ఏదో ఇవ్వబోతోందని ఊరంతా అనుకున్నదని నాకప్పుడు వెలిగింది. వరసలో అందరికంటే ముందు, గడ్డం గీయించుకుని, తలకు నూనె రాసుకుని మా గొర్ల కాపరి నిలబడి ఉన్నాడు.

మనసు వైద్యుడైన మా గైడు సారుకు ఈ గొడవేదీ తెలియదు. "ఎన్నాళ్లుగా ఆందోళన?" అని అడిగాడు.

"సురువు నుంచి ఉన్న సారూ."

"నిద్ర పడుతోందా?"

"ఠాణల యాడి నిద్ర సారూ?"

"మరి ఇప్పుడు?"

ఆయన చేతిలోని పేపరు ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఠాణ లేదు, పోలీసోడు లేడు. అయినా నిద్ర వస్తలేదు సారూ" అంటూనే భోరుమన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈలోగా బయట అసలు సంగతి పొక్కింది. "ఇంటి జాగ లేదు, పింఛను లేదు, గోలీలిస్తరంట!" అని ఊరు నన్ను దులిపి ఆరేసింది. ఆ అవ్వ తిట్లలో కొన్నింటికి నా నిఘంటువులో అర్థాలే లేవు. ఈ మాట చెవిన పడితే గొర్ల కాపరి మందులు విసిరికొడతాడని నేనూ, ఆయన భార్యా తలుపు వైపే చూస్తున్నాం. ఆయన బయటికొచ్చాడు, అంతా విన్నాడు. గోలీల పొట్లం జేబులో పెట్టుకుని భార్యతో, "కొట్లాడినందుకు ఇంకేం రాకపాయె. నిద్రన్న వస్తదేమో సూద్దాం పా" అన్నాడు. ఆ తర్వాత నెలనెలా తనే వచ్చి మందులు తీసుకుపోయాడు.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. ఆందోళన అనొద్దు, దిగులుకు ఊళ్లో వాడే మాట రంది, రంది ఉందా అని అడగండి అని పిల్లలకు నేర్పుతాను. తప్పులేని ప్రశ్నలతో నేనూ ఊళ్లు తిరుగుతుంటాను. "మాకేం రంది లేదు సారూ" అని మర్యాదగా చాయ్ పోసి సాగనంపుతారు. ఒక్కరూ దవాఖాన గడప తొక్కరు. అలాంటప్పుడు, మైకు పట్టుకున్న ఆ తెలివితక్కువ కుర్రవాడు ఒక్కసారి తిరిగొస్తే బాగుండుననిపిస్తుంది.