గౌరి కార్డులో నేను రాసిన అంకెలు

ఐదేళ్లుగా ఒక అంకె నా గుండెల మీద బండలా కూర్చుంది. నూట నాలుగు సెంటీమీటర్లు. మా ఆయనకు చెప్పలేదు. దేవుడికి దండం పెట్టేటప్పుడు కూడా చెప్పలేదు. మీరు నా ముఖం చూడరు కాబట్టి మీకు చెప్తున్నాను.

నేను బూదికోట దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు గుడ్డు పెట్టాలి, పాటలు నేర్పాలి, నెలనెలా బరువూ ఎత్తూ కొలిచి కార్డులో చుక్క పెట్టాలి. ఒక ఏడాది ఎత్తు కొలిచే పలక విరిగింది. కొత్తది అడిగాను, రాలేదు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పోయిన నెల అంకెకు అర సెంటీమీటరు కలిపి రాసేశాను. ప్రతి పిల్లకూ, ప్రతి నెలా, రెండేళ్లపాటు. పిల్లలన్నాక పెరగక ఏం చేస్తారు అనుకున్నాను. గోడకు ఒక టేపు అంటించుకోలేకపోయానా? అంటించొచ్చు. బద్ధకం. అంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు.

ఆ పిల్లల్లో గౌరి ఒకతి. వాళ్లమ్మ నాగవేణి నరసాపురంలో ఫ్యాక్టరీ పనికి పోయేది, పాప పగలంతా నా దగ్గరే. ఒక సాయంత్రం కంపెనీ బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, పాపకి పోయినేటి గౌను ఇంగా సరిపోతా ఉండాది. సరిగ్గా పెరగతా ఉండాదా?"

నేను కార్డు తీసి చూపించాను. "చూడమ్మా, గీత పైకే పోతా ఉండాది కదా! నీకు యాడలేని భయాలు."

ఆమె నవ్వి, పాపను చంకనేసుకుని వెళ్లిపోయింది. నా మాట నమ్మి నవ్విన ఆ నవ్వును నేను మరిచిపోలేదు.

గౌరి బడిలో చేరేనాటికి కార్డులో చివరి అంకె నూట నాలుగు. రెండేళ్ల తర్వాత, తోటిపిల్లలకన్నా పొట్టిగా ఉందని నాగవేణి బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్తే నేనూ తోడు వెళ్లాను. కొలిస్తే అక్కడా నూట నాలుగే. డాక్టరు కార్డు చూసి కంగారుపడ్డాడు. బాగా పెరిగే పిల్ల ఒక్కసారిగా ఆగిపోయిందంటే తలలో గడ్డ ఉండొచ్చు, స్కానింగ్ తీయాలన్నాడు. పిల్ల ఆగిపోలేదు. మొదటినుంచీ మెల్లగానే పెరుగుతోంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. స్కానింగ్ దాకా తొమ్మిది రోజులు నాగవేణి సరిగ్గా అన్నం తినలేదు. నేను చెప్పినా స్కానింగ్ తీసేవాళ్లేమో, కానీ ఆ తల్లి భయమైనా కొంత తగ్గేది కదా? పక్కన కూర్చుని "ఏం కాదులేమ్మా" అంటూ వీపు నిమిరాను, అసలు మాట మాత్రం దాచేశాను. ఉద్యోగం పోతుందనా? ఊరు ఉమ్మేస్తుందనా? రెండూ.

గడ్డ లేదు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుందట. అది వదిలే హార్మోను చాలినంత అందితేనే ఎముకల చివర లేత భాగం సాగుతుంది, ఒంటికి కండ పడుతుంది. గౌరికి అది చాలడం లేదు. ఎడమచేతి ఎక్స్‌రే చూసి, ఏడేళ్ల పిల్లకు ఎముకల వయసు నాలుగే, పెరిగే చోటు ఇంకా ఉందన్నారు. అది విని ఏడ్చేశాను. నేను పోగొట్టిన కాలాన్ని ఆ ఎముకలు కొంత దాచిపెట్టాయి. అంతా కాదు, కొంతే.

మూడేళ్లుగా రోజూ సాయంత్రం హార్మోను సూది. నాగవేణి షిఫ్టులో ఉంటే నేనే వేస్తాను. ఆమె నన్ను దేవతంటుంది. ఎవరి పాపమో నా బిడ్డకు తగిలిందక్కా అన్నప్పుడల్లా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. గౌరి ఇప్పుడు నూట ఇరవై ఏడు. ఒకప్పుడు చెంబు ఎత్తితే ఆయాసపడే పిల్ల, ఇప్పుడు నీళ్ల బిందె చంకన పెట్టుకుని, "టీచరమ్మా, నిన్ను దాటేస్తా చూడు" అని నన్ను ఎక్కిరిస్తుంది. దాటెయ్ తల్లీ!

సోమవారం కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చిన్నప్పటి ఎత్తులన్నీ కావాలన్నాడట. వాన కారే ఇంట్లో తడుస్తుందని నాగవేణి ఆ కార్డును నా ట్రంకులోనే ఉంచింది. ఈ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక బయటికి తీశాను. రెండేళ్ల అంకెల మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, ఒక్కొక్కదాని పక్కన రాశాను. కొలవలేదు. కొలవలేదు. కొలవలేదు. కింద సంతకం పెట్టాను.

కంపెనీ బస్సు వచ్చే వేళైంది. నాగవేణి దిగగానే కార్డు చేతిలో పెట్టి అంతా చెప్పేస్తాను. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. అమ్మకు ఎదురెళ్లడానికి గౌరి కూడా వస్తుంది. పిల్ల ముందు వద్దులే అని ఇంకో రోజుకు వాయిదా వేయను. విననీ. ఆ ఎత్తు ఆ పిల్లది.