వెనక జేబు మూల

పాంటు వెనక జేబు అంత పాపిష్టి పని ఈ భూమ్మీద ఇంకోటి లేదని పిల్లమ్మ నమ్మకం. ముందు జేబు మంచిది, చెప్పినట్టు వింటుంది. వెనక జేబుకైతే బంగారంలాంటి గుడ్డ మీద రెండు వరసలు కుట్టి, వాటి నడుమ పెద్ద కత్తెరతో చీల్చి, జేబుగుడ్డను ఆ చీలికలోంచి లోపలికి తిప్పాలి. చీల్చాక తప్పయిందా, ఇక దిద్దుకునే దారే లేదు. ఎవడు కనిపెట్టాడో గానీ వాడి చేతులు పడిపోను!

బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆమె చేరింది హెల్పర్‌గా. పొద్దుటి బెల్లు నుంచి సాయంత్రం బెల్లు దాకా నిలబడి, కుట్టిన బట్టలకు వేలాడే దారాలు చిన్న కత్తెరతో తెగ్గొట్టడమే పని. ఏళ్ళ తరబడి నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. టైలర్లు కూర్చుంటారు. ఆ కూర్చోవడమే ఆమెకు కావాలి. జేబుల మిషన్ ఒకటి ఖాళీ అయితే, సూపర్‌వైజర్ దేవరాజ్ కాళ్ళావేళ్ళా పడింది.

"శనివారానికి వెనక జేబు వచ్చిందా, సీటు నీది. రాలేదా, మళ్ళా దారాలే" అన్నాడు.

నేర్పింది పక్క మిషన్ సమీనా. "కొసలో ముడిపడేట్టు రివర్స్ కుట్టు వద్దక్కా, మూల మొద్దుగా తేలతాది. దారం పొడుగ్గా ఇడిసిపెట్టు. జేబు తిప్పినాక మూల మీద కుట్టేస్తే అదే గట్టిగా నిలస్తాది."

అలాగే కుట్టింది. వరస తిన్నగా వచ్చింది, చీలిక సరిగ్గా పడింది. తిప్పి చూస్తే మూల కప్పలా నోరు తెరిచింది! మళ్ళీ కుట్టింది, మళ్ళీ అదే నోరు. సూది మార్చింది, దారం మార్చింది, చౌడమ్మకు కొబ్బరికాయ మొక్కుకుంది. అయినా దాని నోరు మూతపడలేదు.

"ఏమమ్మా, గుడ్డలు చించేదానికే వస్తుండావా?" అన్నాడు దేవరాజ్.

"కావాలని చించుతుండానా సార్? ఈ ముదనష్టపుది నా మాట ఇంటే గదా!"

శుక్రవారానికి సమీనాకూ ఓపిక నశించింది. తన మిషన్ ఆపి, పిల్లమ్మ కుడుతున్నంతసేపూ కన్నార్పకుండా చూసి, నెత్తి కొట్టుకుంది.

"నీ కుడిచెయ్యి ఏం చేస్తుండాదో చూసుకో అక్కా!"

చూసుకుంది. మిషన్ ఆగీ ఆగకముందే ఆ చెయ్యి ఒళ్ళోని చిన్న కత్తెర అందుకొని, పొడుగ్గా వదిలిన దారాలను మొదలంటా తెగ్గొట్టేసింది. కొస పట్టులేని కుట్టు, తిప్పితే విడిపోదా మరి? ఇన్నాళ్ళూ తను కుట్టింది తనే ఊడగొట్టుకుంటోంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, హెల్పర్‌ బుద్ధీ అంతే కాబోలు. పిల్లమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"పక్కనే ఉండావే, ఇన్నాళ్ళూ నీకు కానరాలేదా?"

"నువ్వు దారం కత్తిరించేది ఎవురు చూస్తారక్కా?" అంది సమీనా.

ఆ మాట చురుక్కుమంది.

శనివారం చిన్న కత్తెరను సమీనాకు ఇచ్చేసి కూర్చుంది. మిషన్ ఆగిన ప్రతిసారీ కుడిచెయ్యి ఒళ్ళో వెతుక్కుంది. దాన్ని తిట్టుకుంటూనే కుట్టి, చీల్చి, తిప్పి, మూల మీద కుట్టేసింది. ఈసారి మూల నోరు మూసుకుంది.

దేవరాజ్ జేబును లాగి చూశాడు, మూలలో బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. వంక దొరకలేదు.

"బాగుండాది. ఈ దారాలేందమ్మా ఇట్ల యాలాడుతుండాయి? కత్తిరించు."

పిల్లమ్మ సీట్లో సర్దుకుని కూర్చుంది.

"అది హెల్పర్ పని గదా సార్" అంది.