ఎదురుకాళ్ల తన్ను

నా నడుము కథ చెప్పమంటే మా వాడకట్టులో అందరూ తన్నుతోనే మొదలుపెడతారు. నొప్పి సంగతి ఎవరికీ గుర్తుండదు. పడ్డవాణ్ణి నేను కదా, నేనే చెబుతాను.

పోచంపల్లిలో మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. పెళ్లైన కొత్తలో నాకో పొగరుండేది. పొద్దున దిగితే అన్నానికి తప్ప లేచేవాణ్ణి కాను. "వీడు గుంటల్నే మొలిచిండురా" అని దోస్తులు మెచ్చుకుంటే మరింత బిగుసుకుని కూర్చునేవాణ్ణి. చివరికి నడుము కింద పట్టేసింది. తుంటి నుంచి పొత్తికడుపు కిందిదాకా ఒకటే సలుపు. కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి, దగ్గితే ప్రాణం పోయేది. ఎక్కడ నొప్పో నలుగురిలో చెప్పుకోవడానికి కూడా సిగ్గు.

బస్సెక్కి నల్గొండ దవాఖానకు పోయాను. డాక్టరు నొక్కి చూసి, ఎముకలు బాగానే ఉన్నాయి, కండరాలు బిగుసుకుపోయాయి అన్నాడు. వేడినీళ్ల కాపడం పెట్టుకో, మాటిమాటికీ లేచి నడువు, మెల్లగా వదులుతాయి అన్నాడు. సూది లేదు, మందు లేదు! నాకు ఒళ్లు మండింది. మాటిమాటికీ లేచేవాడు బట్ట ఎప్పుడు నేస్తాడు?

ఇంటికొచ్చి మంచం పట్టాను. మగ్గం మీద పడుగు సగంలో ఆగిపోయింది. మా నాన్న, బాపు, కొన్నాళ్లు చూశాడు. తర్వాత పార తెచ్చి మగ్గం పక్క గోడకు ఆనించాడు.

"దసరా దాక చూస్త. గప్పటికీ కూసోలేకపోతే గుంట పూడుస్త. షోలాపూర్ మిల్లుకు పోయి నిలబడి పనిచేసుకో."

నాకా మగ్గం తప్ప వేరే లోకం తెలియదు. గోడవైపు తిరిగి ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

అమ్మకు మాత్రం ఒకటే నమ్మకం. ఎదురుకాళ్లతో, అంటే తలకు బదులు కాళ్లు ముందుగా వచ్చి పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మా దిక్కు అంటారు. "పక్క వాడకట్టు పహిల్వాన్ ఎదురుకాళ్లోడే. పిలుచుకొస్త" అంది. ఆయన నడిచిపోతే మా గోడ సున్నం రాలేది. నేను వద్దు వద్దంటుంటే తలుపు చాటు నుంచి నా భార్య గొంతు వినబడింది.

"అత్తా, నేను గూడ ఎదురుకాళ్లతోనే పుట్టిన."

ఆమెది పాలమూరు దిక్కు దూరపు పల్లె. తల్లి ఎప్పుడో పోయింది, అవునో కాదో చెప్పేవాళ్లు లేరు. అయినా పెళ్లాం మొగుణ్ణి తన్నడమేమిటి! అమ్మ "శివ శివా" అని చెంపలేసుకుంది. ఆఖరికి బాపే తీర్పు చెప్పాడు.

"ముందుగాల కాళ్లు మొక్కు బిడ్డా, అటెన్క తన్ను."

వాడకట్టంతా చూడటానికొచ్చింది. నేను బోర్లా పడుకున్నాను. ఆమె నా కాళ్లకు మొక్కి, కళ్లు గట్టిగా మూసుకుని, నడుము మీద పాదం ఆనించింది. పిల్లి తాకినట్టుంది.

"గదేం తన్ను! ఆయన తిట్టిన తిట్లు యాదికి తెచ్చుకో పిల్లా" అని పక్కింటామె అరిచింది. అందరితోపాటు నేనూ పగలబడి నవ్వాను. నవ్వుతుంటే లోపలి బిగువు కొంచెం సడలినట్టనిపించింది. ఇంకేం, తగ్గిపోయిందనుకుని గుంటలోకి దిగి చీకటి పడేదాకా నేశాను. తెల్లారి నన్ను మంచం మీంచి పట్టి లేపాల్సి వచ్చింది.

ఆ రోజు కాపడం పెడుతూ ఆమె అడిగింది, "దవాఖానల ఏం చెప్పిన్రు?" అని. అంతవరకు ఇంట్లో ఆ మాట అడిగినవాళ్లే లేరు. విసుక్కుంటూనే చెప్పాను.

కాస్త తేరుకుని మళ్లీ మగ్గం ముందు కూర్చున్నప్పుడు చూస్తే పక్కన కండెలు లేవు. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి నేస్తాం, అయిపోగానే ఇంకోటి కావాలి. ఏ ఇంట్లోనైనా ఆడవాళ్లు గంపెడు చుట్టి నేసేవాడి చేతికందేలా పెడతారు. ఈమె రాట్నం ఎత్తుకుపోయి పెరట్లో కూర్చుంది.

"కండె తే!" అని అరిచాను.

"వచ్చి తీస్కపో. నాకు చేతులు ఖాళీ లేవు."

తిట్టుకుంటూ గుంటలోంచి పైకెక్కి, ఇల్లంతా దాటి పోయాను. ఒక్కటంటే ఒక్క కండె ఇచ్చింది. కాసేపటికి మళ్లీ పోవాలి. "గింత సోమరిదాన్ని యాడికెల్లి తెచ్చిన్రే అమ్మా" అని గొణుగుతూ తిరిగేవాణ్ణి. ఆమె నవ్వేది. నాకింకా మండేది.

ఆ కోపంలోనే వానాకాలం గడిచింది. దసరా దగ్గరపడ్డాక ఒకనాడు బాపు కోడలి బద్ధకం చూడలేక తానే కండెల గంప తెచ్చి నా పక్కన పెట్టాడు. నేనప్పటికే అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాను.

"చెయ్యి ఆనకుంటనే లేసినవ్ గదరా!" అన్నాడు బాపు.

నిజమే. పొద్దుటి నుంచి నడుము సంగతే గుర్తు రాలేదు. ఆ గంప నేనే మోసుకెళ్లి మళ్లీ ఆమె ముందు పెట్టాను. పడుగు పూర్తయి బట్ట కోసిన నాడు బాపు పార తీసుకుపోయి బీరపాదుకు గొప్పు తవ్వాడు.

వాడకట్టు మాత్రం తన్నుకే దండం పెట్టింది. నడుము పట్టిన నేతగాళ్లంతా మా గడపకొచ్చారు. ఆమె ప్రతివాణ్ణీ మెల్లగా తన్ని, గట్టిగా చెప్పేది: "కండె కండెకు లేసి నడవకపోతే నా తన్ను పనిచెయ్యది."

ఒకరోజు అందరూ పోయాక అడిగాను, నిజంగానే ఎదురుకాళ్లతో పుట్టావా అని.

ఆమె రాట్నం ఆపలేదు. "నాకేమెరుక? గా పహిల్వాన్ ఎక్కి తొక్కితే నీ నడుము దక్కేదా? పాపం తాకితే నాకే తాకుతది, తాకనియ్యి అనుకున్న."

ఆమె మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. వంగి ఆమె కాళ్లు మొక్కబోయాను. "అయ్యో, అత్తా!" అని కేకేసి కండెలన్నీ కిందపోసుకుని ఇంట్లోకి ఉరికింది. నవ్వుకుంటూ కూర్చుని, లేచి, మళ్లీ వంగి, ఆ కండెలన్నీ నేనే ఏరాను.